ఆధారం మీ కళ్ల ముందే ఉంది

ఈ నెల ప్రశ్నలూ జవాబులూ పూర్తిగా డిటెక్టివ్ నవలల మీదే. వచ్చిన ఉత్తరాల్లో నలుగురికీ పనికొచ్చేవి ఎంచుకున్నాం. ఏ నవల ముగింపూ ఇక్కడ బయటపెట్టలేదు. ఉదాహరణ కావలసిన చోట మేమే ఒకటి కల్పించాం.

ప్రశ్న: నా చేతిలో హత్య నవల కనిపిస్తే చాలు, "ఒకళ్లనొకళ్లు చంపుకోవడంలో నీకు ఆనందమేమిటే" అంటుంది మా అత్తగారు. ఏం చెప్పాలో తెలియదు. పుస్తకం మాత్రం కింద పెట్టలేను. ఏముంది అందులో?
— గృహిణి, మలక్‌పేట

జవాబు: మీరు ఆనందిస్తున్నది చంపడం చూసి కాదని అత్తగారికి ధైర్యంగా చెప్పండి. పకడ్బందీగా అల్లిన నవలలో హత్య సాధారణంగా మన కంటపడదు. తలుపు తెరిచేసరికే అంతా అయిపోయి ఉంటుంది. అక్కడి నుంచి రెండు కథలు నడుస్తాయి. ఒకటి జరిగిపోయిన కథ: ఎవరు, ఎందుకు, ఎలా చేశారన్నది. దాన్ని దాచేస్తారు. రెండోది జరుగుతున్న కథ: పరిశోధకుడు రావడం, అడగడం, వెతకడం. రెండోది చదువుతూ మొదటిదాన్ని మనమే ఊహించి కట్టుకుంటూ పోతాం. ఆఖర్న రచయిత తన కథ విప్పుతాడు. మనం కట్టుకున్నదానిలో రెండు మూడు విషయాలు ఎక్కడా ఇమడక మిగిలిపోయి ఉంటాయి. ఆయన చెప్పినదాంట్లో అన్నీ ఇమిడిపోతాయి.

అప్పుడు మనసులో రెండు ఒకేసారి జరగాలి. "అరె!" అనిపించాలి, వెంటనే "అవును కదా, ఇది ముందే చెప్పాడు కదా" అనీ అనిపించాలి. మొదటిది ఒక్కటే ఉంటే ఒళ్లు మండుతుంది. మూడొందల పేజీల్లో ఎక్కడా కనపడని మనిషి హంతకుడని తేలితే అదీ ఆశ్చర్యమే, కానీ ఎవరికి కావాలి? రెండోది ఒక్కటే ఉంటే నూరో పేజీలోనే ఆవులింత వస్తుంది. ఈ రెండూ కలిసొచ్చే ఆ అరనిమిషం కోసమే మీరు పుస్తకం కింద పెట్టలేకపోతున్నారు.

ఈ తరహా కథలకి అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో 1841లో ఒక కథతో దారి వేశాడంటారు. ఆ కథలో డిటెక్టివ్‌కి హత్య సంగతి మొదట తెలిసేది పేపర్లో వార్త చదివే. మన చేతిలో ఉన్నదే అతని చేతిలోనూ ఉందన్నమాట. ఆ సమానత్వమే ఈ కథలకి ప్రాణం.

ప్రశ్న: ఎవరి మీద అస్సలు అనుమానం రాదో వాళ్లే హంతకులని లెక్క వేస్తాను. సగం సార్లు గెలుస్తున్నాను. కానీ గెలిచినా మజా రావడం లేదు. నోట్సు రాసుకుంటూ చదవాలా?
— డిగ్రీ విద్యార్థి, ఉప్పల్

జవాబు: మీరు పట్టుకుంటున్నది రచయిత అలవాటుని. కథని కాదు. అందుకే మజా లేదు. పైగా ఈ లెక్క రచయితలందరికీ తెలుసు. మీలాంటివారి కోసమే ఒక నెమ్మదస్తుణ్నో, మంచం పట్టిన మేనత్తనో కథలో కూర్చోబెడతారు.

నోట్సు అక్కర్లేదు. పోస్టుకార్డు సైజు కాగితం ఒకటి చాలు, అదే పేజీ గుర్తుగా కూడా పనికొస్తుంది. దానిమీద నాలుగు గళ్లు గీయండి: మనిషి పేరు, ఆ సమయానికి ఎక్కడున్నాడు, ఆ మాట ఎవరు చెప్పారు, అతని దగ్గరున్న లేదా అతనికి మాత్రమే తెలిసిన వస్తువు. మామూలుగా ఐదు నుంచి ఎనిమిది మంది అనుమానితులుంటారు. ఐదుగురి కంటే తక్కువైతే ఊహించడం తేలికైపోతుంది, ఎనిమిది దాటితే పేర్లే గుర్తుండవు. కాబట్టి మీ కాగితం నిండిపోదు. అనువాద నవల అయితే ఇంటిపేరూ అసలు పేరూ పక్కపక్కనే రాసుకోండి. ఒకే మనిషిని ఇద్దరనుకుని యాభై పేజీలు చదివేసేవారు చాలామంది.

మూడో గడి అన్నింటికంటే ముఖ్యం. "వాచ్‌మన్ పదింటికి గేటు వేశాడు" అని రచయిత చెబితే అది నిజం. "పదింటికి గేటు వేశానని వాచ్‌మన్ చెప్పాడు" అంటే అది వాచ్‌మన్ మాట. చదివే వేగంలో ఈ రెండూ మన తలలో ఒకటైపోతాయి. మోసపోయేది చాలావరకు అక్కడే.

తర్వాత, ఎక్కడ ఆగాలో తెలియాలి. మూడొందల పేజీల నవలలో సుమారు రెండొందల యాభై పేజీల దగ్గర డిటెక్టివ్ ప్రవర్తన మారుతుంది. ఏదో అర్థమైనట్టు నవ్వుతాడు, ఎవరికో ఫోన్ చేస్తాడు, అందర్నీ హాల్లోకి రమ్మంటాడు. అక్కడ పుస్తకం మూసేయండి. ఆ రాత్రికి తెరవకండి. ఎవరు, ఎలా, ఏ మూడు వాక్యాల ఆధారంగా అని కాగితం వెనక రాయండి. మూడు వాక్యాలు చూపించలేకపోతే పేరు సరిపోయినా అది అదృష్టమే. ఒకటి రెండు నవలలు ఇలా చదివి చూడండి, ఓడిపోయినప్పుడు కూడా ఎంత తృప్తిగా ఉంటుందో.

ఎక్కువమంది చేసే పొరపాటు ఇంకొకటుంది: "ఎందుకు" అనే ప్రశ్నతో మొదలుపెట్టడం. ఆస్తి, పగ, పరువు, పాత ప్రేమ... జాగ్రత్తగా రాసిన నవలలో కారణం అందరికీ ఉంటుంది. దానివల్ల ఒక్క పేరూ కొట్టెయ్యలేరు. "ఎవరికి వీలు" అన్నదే జాబితాని కుదిస్తుంది. అలాగే చనిపోయినవాణ్నే చంపాలనుకున్నారా, చంపింది చెబుతున్న సమయానికేనా, చెబుతున్న చోటేనా అని మొదటి యాభై పేజీల్లోనే అడగండి. కథంతా ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని నమ్మించడం మీద నిలబడి ఉండొచ్చు.

ప్రశ్న: "ఆధారం మీకు ముందే ఇచ్చాను" అంటాడు రచయిత. వెనక్కి తిరగేస్తే నిజంగానే ఉంటుంది. మరి చదివేటప్పుడు ఎందుకు కనపడదు?
— లెక్చరర్, నల్లకుంట

జవాబు: చెప్పడం కంటే చూపించడం మేలు. ఒక నవల అనుకోండి. బర్కత్‌పురాలో పాత ఇల్లు, మేడ మీద గదిలో ఒక పెద్దాయన. మూడో అధ్యాయంలో కోడలు విసుక్కుంటూ ఆయన చాదస్తాలు ఏకరువు పెడుతుంది: చెప్పులు గుమ్మం వైపు తిప్పి పెట్టాలి, రేడియో పక్కనే ఉండాలి, రాత్రి నింపిన రాగి చెంబులో నీళ్లు లేవగానే తాగాలి, బీపీ మాత్ర కూడా ఆ నీళ్లతోనే, ఖాళీ చెంబు మళ్లీ రాత్రికి గానీ నింపడు, మంగళవారం గోళ్లు తీయకూడదు. ఇక ఐదో అధ్యాయం:

"సోమవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ వరంగల్ పెళ్లికి వెళ్లారు. మంగళవారం సాయంత్రం ఐదింటికి తిరిగొచ్చి మేడ గది తలుపు తోశారు. పెద్దాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. స్టూలు మీద కళ్లజోడు, మూత పెట్టిన రాగి చెంబు, ఏడు గళ్ల మందుల డబ్బాలో బుధవారం నుంచి ఆదివారం దాకా మాత్రలు, చిన్న రేడియో, అగ్గిపెట్టె. కోడలు ఆయన చెయ్యి పట్టుకుని చూసి, కెవ్వున కేకేసి అక్కడే పడిపోయింది. వెనకే వచ్చిన పనిమనిషి చెంబు అందుకుని చెంబెడు నీళ్లూ ఆమె ముఖాన కుమ్మరించింది."

కొంచెం జాగ్రత్తగల పాఠకుడు మందుల డబ్బా దగ్గర ఆగుతాడు. బుధవారం నుంచి ఉన్నాయంటే మంగళవారం మాత్ర వేసుకున్నాడు. అంటే మంగళవారం పొద్దున బతికే ఉన్నాడు. అప్పుడు వరంగల్లో పెళ్లిపందిట్లో ఉన్నవాళ్లందరి పేర్లూ కొట్టేయొచ్చు. సోమవారం రాత్రి పదింటి దాకా హైదరాబాద్‌లో ఉండి, తెల్లారేసరికి పెళ్లివారింట్లో కాఫీ తాగుతూ కనిపించిన మేనల్లుడి పేరు కూడా. పాఠకుడికి తను ఏదో కనిపెట్టానన్న సంతోషం. ఆ సంతోషాన్ని రచయితే అక్కడ పెట్టాడు.

మరి చెంబు? అది నిండుగా ఉంది. అంటే పెద్దాయన నీళ్లు తాగలేదు, తాగలేదంటే మంగళవారం లేవనే లేదు. మంగళవారం గడి ఖాళీ చేసింది ఇంకెవరో. ఆయన మంగళవారం దాకా బతికున్నట్టు కనపడటం ఎవరికి అవసరమో వాళ్లు. మందులు తెచ్చి డబ్బాలో సర్దేది మేనల్లుడే కాబట్టి డబ్బా సంగతి అతనికి తెలుసు. చెంబు సంగతి ఆ ఇంట్లో ఉండేవాళ్లకే తెలుసు. వరంగల్ నూట యాభై కిలోమీటర్ల లోపే, రాత్రి బయల్దేరితే తెల్లారేలోపు హాయిగా చేరొచ్చు.

దాచిన తీరు చూడండి. అలవాటు ఒక అధ్యాయంలో, వస్తువు ఇంకో అధ్యాయంలో ఉన్నాయి. రెండూ ఎదురుబొదురుగా ఎక్కడా లేవు. చెంబు జాబితాలో రెండోది. జాబితాలో మొదటిదీ చివరిదీ గుర్తుంటాయి, మధ్యవి జారిపోతాయి. చెంబు నిండా నీళ్లున్న సంగతి వర్ణనలో లేదు, ఒక పనిలో ఉంది. ఆ పని జరిగేటప్పుడు మన చూపంతా పడిపోయిన కోడలి మీద. మందుల డబ్బా అనే చిన్న ఆధారం చెంబు అనే పెద్ద ఆధారానికి అడ్డుగా నిలబడింది. పైగా పనిమనిషి మంచి మనసుతో చేసిన పనివల్ల ఆ సాక్ష్యం నేలపాలైంది. పోలీసులు వచ్చేసరికి చెంబు ఖాళీ. అది నిండుగా ఉండేదని చెప్పగలిగేది పనిమనిషీ, శ్రద్ధగా చదివిన మీరూ.

"ఖాళీ చెంబు మళ్లీ రాత్రికి గానీ నింపడు" అనే ముక్క లేకపోతే ఇదంతా కూలిపోతుందని కూడా గమనించండి. పొద్దున తాగేసి మళ్లీ నింపుకున్నాడేమో అని ఎవరైనా అడగొచ్చు. ఇలాంటి ప్రతి సందునీ ముందే, ఎవరూ గమనించని చోట మూసిపెట్టడంలోనే రచయిత పనితనం తెలుస్తుంది. వెనక్కి తిరగేసినప్పుడు ఆధారాలు దొరకడం ఒక ఆనందం. మూసిన సందులు దొరకడం అంతకంటే పెద్దది.

ప్రశ్న: ఎప్పట్నుంచో చదవాలనుకుంటున్న నవలలో హంతకుడెవరో ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒకాయన రాసేశాడు. ఇక చదవడం దండగేనా?
— ప్రైవేటు ఉద్యోగి, మియాపూర్

జవాబు: చదవండి. కాకపోతే రెండోసారి చదివేవాళ్లలా చదవండి. హంతకుడు కనిపించే ప్రతి సన్నివేశంలో అతని మాటకి రెండు అర్థాలుంటాయి. "ఆయన లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించలేను" అన్న వాక్యం మామూలుగా చదివితే దుఃఖం, తెలిసి చదివితే ఇంకేదో. అలాంటివి ఎన్ని దొరికితే నవల అంత గట్టిది. పేరు తెలిసిపోగానే చప్పబడిపోయే నవల అయితే, తెలియకపోయినా మీకు మిగిలేది పెద్దగా ఉండేది కాదు.

ప్రశ్న: కథ చెబుతున్న మనిషే కీలకమైన విషయం దాచిపెడితే అది పాఠకుణ్ని మోసం చేయడం కాదా? దీనికేమైనా నియమాలున్నాయా?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, వనస్థలిపురం

జవాబు: ఉన్నాయండీ. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండ్ క్రైస్తవ గురువు, ఆయనా డిటెక్టివ్ రచయితే, పది నియమాలు రాశాడు. హంతకుడు కథ మొదట్లోనే కనిపించాలి. దయ్యాలూ మహిమలూ పనికిరావు. రహస్య గది గానీ దారి గానీ ఒకటికి మించకూడదు. లోకానికి తెలియని విషం వాడకూడదు. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ వెంటనే చూపించాలి. కవలలుంటే ముందే సిద్ధం చేయాలి. మరుసటి ఏడు, 1930లో, డిటెక్టివ్ రచయితలు లండన్‌లో డిటెక్షన్ క్లబ్ పెట్టుకున్నారు. జి.కె. చెస్టర్టన్ మొదటి అధ్యక్షుడు. సభ్యులు చేరేటప్పుడు, తమ డిటెక్టివులు దైవవాణి మీదా కాకతాళీయం మీదా ఆధారపడరని ప్రమాణం చేసేవారు.

వీటిలో చాలావాటిని గొప్ప రచయితలు దాటారు, దాటి మెప్పించారు కూడా. ఒకటి మాత్రం దాటకూడదని మా గట్టి అభిప్రాయం: రచయిత తన గొంతుతో అబద్ధం చెప్పకూడదు. మౌనంగా ఉండొచ్చు. కథ చెప్పే పాత్ర "తొమ్మిదిన్నరకి గదిలోంచి బయటికొచ్చాను. చేయాల్సిన పనులు ఇంకేమైనా మిగిలాయా అని ఒకసారి చూసుకున్నాను" అనొచ్చు. ఆ పనులేమిటో చెప్పకపోవడం మౌనం. "గదిలో ఏమీ జరగలేదు" అంటే అది మోసం. పుస్తకం అయిపోయాక మీకు కోపం వస్తే ఆ చోటు తిరగేసి చూడండి. అక్కడున్న ప్రతి వాక్యమూ అక్షరాలా నిజమైతే రచయిత గెలిచినట్టే. ఒక్క వాక్యం అబద్ధమైనా మీ కోపం న్యాయమైనదే.

ప్రశ్న: నవల రాస్తున్నాను. మే నెల, హైదరాబాద్. శవం చూసిన డాక్టరు "తొమ్మిదీ పదికి పోయాడు" అంటాడు. చదివిన మిత్రుడు అలా చెప్పలేరన్నాడు. చివర్లో హంతకుడు సీఐ ముందు నేరం ఒప్పుకుంటాడు. అది చాలా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్

జవాబు: మీ మిత్రుడు చెప్పింది నిజం. నిమిషాలతో ఎవరూ చెప్పలేరు, గంటల వ్యవధి చెబుతారు. డాక్టరు ముఖ్యంగా చూసేవి మూడు. శరీరం చల్లబడటం, బిగుసుకోవడం, రక్తం కిందివైపుకి దిగి మచ్చలు కట్టడం.

మొదటిది మీ కథలో పనిచేయదు. బతికున్న శరీరం వేడి 37 డిగ్రీలు. మే నెలలో మన ఊళ్లో మధ్యాహ్నం గాలే 40 దాటుతుంది. తనకంటే వేడిగా ఉన్న గదిలో శరీరం చల్లబడదు. అదే గదిలో ఏసీ నడుస్తుంటే లెక్క మారిపోతుంది. కొన్ని గంటలు నడిచి ఆగిందంటే ఇంకా చిక్కు. అంటే ఏసీ రిమోట్ మీకు దొరికిన మంచి వస్తువు. దాన్ని వదలకండి.

బిగుసుకోవడం మన వాతావరణంలో ఒకటి రెండు గంటల్లో మొదలవుతుంది. కనురెప్పలు, దవడ ముందు బిగుస్తాయి, కాళ్లు తర్వాత. ఆపైన రెండు మూడు గంటల్లో ఒళ్లంతా బిగుస్తుంది. వేసవిలో పద్దెనిమిది నుంచి ముప్పై ఆరు గంటల దాకా ఉండి సడలుతుంది. మచ్చలు ఆరు నుంచి పన్నెండు గంటల్లో స్థిరపడతాయి. ఆ తర్వాత శవాన్ని తిప్పినా అవి పాత చోటే ఉంటాయి, అందుకే శవాన్ని కదిలించారని తెలుస్తుంది.

పైన మా ఉదాహరణలో తలుపు సాయంత్రం ఐదింటికి తెరిపించడం ఇందుకే. సోమవారం రాత్రి పదింటికి పోయినా మంగళవారం పొద్దున ఏడింటికి పోయినా, ఐదింటికి ఒళ్లు బిగుసుకునే ఉంటుంది, మచ్చలు చాలావరకు స్థిరపడే ఉంటాయి. డాక్టరు రెండింటికీ అవకాశముందంటాడు. అదే పొద్దున పదింటికి తలుపు తెరిస్తే తేడా బయటపడి కథ అక్కడే తేలిపోయేది. మీరూ శవం దొరికే గంటని హత్య గంట అంత శ్రద్ధగా ఎంచుకోండి.

విషం వాడుతుంటే, "ఏ పరీక్షకీ దొరకని విషం" అని రాయకండి. లోపలి అవయవాల ముక్కల్ని, ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీళ్లలో భద్రపరిచి ల్యాబ్‌కి పంపుతారు. మన దగ్గర రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ రెడ్‌హిల్స్‌లో ఉంది. రిపోర్టు ఆ సాయంత్రమే చేతికి రాదు. ఆ ఆలస్యం మీకు ఉపయోగమే, రెండో హత్యకి సమయం దొరుకుతుంది.

ఇక ఒప్పుకోలు. పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకుంటే అది కోర్టులో చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ ఆ మాటే చెబుతాయి. మేజిస్ట్రేటు ముందు స్వచ్ఛందంగా చెప్పి నమోదైతే వేరు. అయితే కస్టడీలో ఉన్నవాడు చెప్పిన మాట ప్రకారం వెళ్తే ఏదైనా వస్తువు దొరికిందనుకోండి, ఆ వస్తువు దొరకడానికి దారితీసినంత వరకు ఆ మాట చెల్లుతుంది. మీ ముగింపుని దీనికి తగ్గట్టు తిప్పండి: హంతకుడి నోటి నుంచి జారిన ఒక మాట, ఆ మాట వెంట వెళ్తే హుస్సేన్‌సాగర్ గట్టు మీదో, లాకర్లోనో దొరికిన ఒక వస్తువు. ఇది చట్టానికీ నిలుస్తుంది, పాఠకుడికీ నచ్చుతుంది. హంతకుడు కూర్చుని పది పేజీలు ఏడుస్తూ చెప్పే ముగింపులో డిటెక్టివ్ చేసిన పని కనపడదు.

ప్రశ్న: గేటెడ్ కమ్యూనిటీల్లో అడుగడుక్కీ సీసీ కెమెరాలు, అందరి చేతుల్లో ఫోన్లు. ఈ రోజుల్లో తెలివైన హత్య కథకి చోటుందా?
— బ్యాంకు ఉద్యోగిని, కూకట్‌పల్లి

జవాబు: ఇప్పుడే ఎక్కువుంది. కెమెరా చెప్పేది నిజమని అందరూ నమ్ముతారు, నమ్మకం ఉన్న చోటే కథ పుడుతుంది. కెమెరా రికార్డు మీద పడే సమయం డీవీఆర్, అంటే రికార్డు చేసే పెట్టె, గడియారం చెప్పే సమయం. అది ఇరవై నిమిషాలు వెనకుంటే? కొన్ని వారాలకి పాత రికార్డు మీద కొత్తది ఎక్కేస్తుంది, కాబట్టి ఆలస్యంగా మొదలైన పరిశోధనకి ఏమీ మిగలదు. ఫోన్ ఏ టవరు పరిధిలో ఉందో తెలుస్తుంది, ఎవరి జేబులో ఉందో తెలియదు. గేటు యాప్‌లో వచ్చినవాళ్ల లెక్క పక్కాగా ఉంటుంది, లోపల ముందే ఉన్నవాళ్లని అది లెక్కపెట్టదు.

పాత నవలల్లో మంచు కురిసి ఇల్లు ఒంటరైపోయేది. మనకి వాన చాలు. 2020 అక్టోబరులో కొన్ని కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి, కరెంటు లేదు, బయటికి దారి లేదు. నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు, సెల్లార్ నిండా నీళ్లు, పైన చిక్కుకున్న ఏడెనిమిది మంది. ఇంతకంటే మంచి వేదిక ఎవరికి కావాలి?

ప్రశ్న: పాత తెలుగు డిటెక్టివ్ నవలలు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి? కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?
— ఆటోమొబైల్ షాపు యజమాని, సికింద్రాబాద్

జవాబు: ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్. మూసిన షాపుల ముందు పరిచిన గుట్టల్లో తెలుగువి వేరుగా ఉండవు, ఓపిగ్గా వెతకాలి. పొద్దున తొందరగా వెళ్లండి. కోఠిలో పాఠ్యపుస్తకాలే ఎక్కువ, అయినా అడిగి చూడండి. ఏటా చలికాలంలో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే బుక్ ఫెయిర్‌లో పాత పుస్తకాల స్టాళ్లు వదలకండి. కొనకుండా చదవాలంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉన్నాయి. రెండోది 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలతో మొదలుపెట్టండి. ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారి మారి నలిగినవి అవే.

కొనేముందు వెనకనుంచి చూడండి, చదవకుండా. పుస్తకాన్ని ఎనిమిదో పదహారో పేజీల ఫారాలుగా ముద్రించి కుడతారు. కుట్టు తెగితే ఊడేది తరచు ఆఖరి ఫారమే, హంతకుడు ఉండేదీ అందులోనే. పేజీ నంబర్లు చివరిదాకా వరసగా ఉన్నాయో లేదో వేలితో తిప్పి చూడండి. మధ్యలో ఫారం తారుమారై ఉండొచ్చు, ఒకే ఫారం రెండుసార్లు కుట్టి ఉండొచ్చు. పిన్నులు కొట్టిన పాకెట్ సైజువైతే తుప్పు పట్టిన చోట కాగితం చిరిగిపోతుంది, నిండా విప్పి చదవకండి. పాత్రల పేర్ల పక్కన పెన్సిలు గీతలు, మొదటి పేజీలో "హంతకుడు ఫలానా" అని రాతలు కూడా ఉంటాయి. అందుకని మొదటి పేజీని షాపువాడికే చూపించి, అక్కడేమైనా రాసుందా అని అడగండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్లో ఆరుగురం కలిసి నెలకో డిటెక్టివ్ నవల చదవాలనుకుంటున్నాం. ఒకళ్లు ముందే పూర్తిచేసి నోరు జారతారేమోనని భయం. ఎలా నడపాలి?
— పాఠకురాలు, తార్నాక

జవాబు: రెండుసార్లు కలవండి. మొదటిసారికి అందరూ ఒకే పేజీ దగ్గర ఆగి రావాలి. నవల ఎంచినవాళ్లు మొత్తం పేజీల్లో ఐదోవంతు మిగిలేలా ఒక అధ్యాయం చివర చూసి ఆ పేజీ నంబరు చెబుతారు. వాళ్లు ముందే చదివి ఉంటారు కాబట్టి ఆ నెల ఊహించే పనిలో వాళ్లుండరు. ఆ పేజీ నుంచి చివరిదాకా ఒక రబ్బరు బ్యాండు వేసుకోమనండి. చెయ్యి ఆగడానికి అదొక్కటే చాలాసార్లు సరిపోతుంది.

కలిసినప్పుడు మాట్లాడకముందే చీటీలు రాయాలి. ఇది తప్పనిసరి. ముందు మాట్లాడితే గొంతు పెద్దదైనవాళ్ల అనుమానమే అందరిదీ అయిపోతుంది. చీటీలో పేరు, చేసిన విధానం, మూడు పేజీ నంబర్లు. అన్నీ రాసి కవర్లో పెట్టాక మాటలు మొదలుపెట్టండి. వాదించుకోండి, కానీ చీటీ మార్చకూడదు.

వారం తర్వాత పుస్తకం పూర్తిచేసి రెండోసారి కలిసినప్పుడు కవరు విప్పండి. పేరు సరిపోతే ఒక మార్కు, విధానానికి రెండు, డిటెక్టివ్ చివర్లో చెప్పిన ఆధారంతో కలిసిన ప్రతి పేజీకి రెండు. డిటెక్టివ్ కూడా చెప్పని ఆధారం ఎవరైనా చూపించి, మిగతావాళ్లు ఒప్పుకుంటే ఐదివ్వండి. ఆధారాలు సరిగ్గా పట్టుకుని పేరు తప్పినవాళ్లు, పేరు ఊహించినవాళ్లని ఓడించాలి. మార్కులు అలా పెట్టకపోతే రెండు మూడు నెలల్లో అందరూ ఊహించడమే మొదలుపెడతారు.

మొదటి నెలకి ఇరవై మంది పాత్రలున్న పెద్ద నవల వద్దు. రెండొందల పేజీలు, ఒకే ఇల్లు, ఆరేడుగురు మనుషులు ఉన్నది తీసుకోండి.